ఏటి మీద మోకు

అక్క పెద్దకర్మ నాడు వాళ్ళ ఇంటి ముందుగదిలో టీవీ నడుస్తూనే ఉంది. మనిషి పోయిన ఇంట్లో టీవీ ఏమిటని కసురుకుందామనుకున్నాను గానీ, పిల్లలు చప్పుడు తగ్గించి, తప్పు చేస్తున్నవాళ్ళలా ఒదిగి కూర్చుని చూస్తున్నారు. పాపం అనిపించి నేనూ ఒక మూల కూర్చున్నాను. ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి ఆడుకునే ఆటల పోటీలట. ఒక్కో దేశం తన జెండా పట్టుకుని నడిచి వస్తోంది. ఆ పోటీలు ఎట్లా మొదలయ్యాయో, ఏ తగాదా వచ్చి మధ్యలో ఆగాయో, మళ్ళీ ఎవరు పట్టుబట్టి జరిపించారో ఒక అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. నాకు లోలోపల నవ్వొచ్చింది. మా ఏటికి కూడా అట్లాంటి చరిత్ర ఉంది తల్లీ, చెప్పడానికి టీవీ లేదు, నేనొక్కదాన్నే మిగిలాను అనుకున్నాను.

అప్పుడే అక్క కూతురు కృష్ణవేణి లోపలి నుంచి వచ్చి, పాత చీర పేలికలో చుట్టినదేదో నా ఒళ్ళో పెట్టింది. కృష్ణవేణి అంటే చిన్నపిల్ల అనుకునేరు, ఆమెకే మనవరాళ్ళున్నారు. "అమ్మ నీకియ్యమంది పిన్నీ. తను ఉండగా ఇస్తే ఏడుస్తావంది," అని మళ్ళీ వంటింట్లోకి పోయింది. విప్పి చూస్తే జనుపనార మోకు ముక్క. ఒక కొస కత్తితో కోసినట్టు తీరుగా ఉంది, రెండో కొస పీచులేచింది. ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నాను. ఆముదం వాసన ఎప్పుడో పోయి ఉండాలి. నాకు మాత్రం వచ్చింది, ఎవరేమనుకున్నా సరే.

మేము పుట్టి పెరిగిన ఊరు కృష్ణ ఒడ్డున, దేవరకొండ దిక్కు ఉండేది. ఏటికి ఇవతల నిజాం సర్కారు, అవతల పల్నాడు, ఇంగ్లీషు సర్కారు. మా రూపాయి వేరు, వాళ్ళ రూపాయి వేరు. మేము గుంజు అంటే వాళ్ళు లాగు అనేవాళ్ళు. వాళ్ళు మమ్మల్ని మొగలాయి వాళ్ళనేవారు, మేము వాళ్ళను కుంఫిణీ వాళ్ళనేవాళ్ళం. కుంఫిణీ పోయి ఎంత కాలమైందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, తెలిసినా పేరు మార్చేవాళ్ళం కాదు. రేవులో సుంకం వసూలు చేసే నాకా ఒకటి ఉండేది. పొగాకు కట్ట నుంచి చింతపండు బుట్ట దాకా ఏది ఏరు దాటినా అక్కడి దఫేదారు చెయ్యి పడాల్సిందే. ఇన్ని వేరులున్నా మగ్గాల వాళ్ళం మాత్రం రెండు ఒడ్డులా ఒక్కటే కులం, ఒక్కటే పడుగు. అటు పిల్లను ఇటు, ఇటు పిల్లను అటు ఇచ్చుకునేవాళ్ళం.

ఆటలు ఎట్లా మొదలయ్యాయో మా అవ్వ చెప్పేది. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. ఎండాకాలం నీళ్ళు తీసినప్పుడు ఏటి నడుమ ఒక ఇసుక తిన్నె బయటపడేది. ఆ తిన్నె మీద పుచ్చకాయ పెడితే బెల్లం అక్కర్లేదు. ఎవరు విత్తనం వెయ్యాలన్న దాని మీద ఏటేటా తలకాయలు పగిలేవట. చివరికి రెండు ఒడ్డుల పెద్దలు కూర్చుని, కర్రలు పక్కన పడేసి మోకు పట్టండి, ఏ ఒడ్డు గుంజుకుంటే ఆ ఏడు తిన్నె వాళ్ళది అని తీర్పు చెప్పారట. ఆ తీర్పు చెప్పింది మా ముత్తాతేనని అవ్వ. కాదు, తమ ముత్తాతేనని పల్నాటి వాళ్ళు. ఈ సంగతి మీదా కొట్టుకున్నారని విన్నాను. మోకు ఒంటరిగా ఎంతకాలం ఉంటుంది? పల్నాటి వాళ్ళు చెడుగుడు తెచ్చారు, మా వాళ్ళు గుండు ఎత్తడం తెచ్చారు, రెండు దిక్కుల బెస్తలు ఏరు దాటే గుండ్రటి పుట్టుల పందెం పెట్టారు. ఆడవాళ్ళం వండి పెట్టడానికే వస్తున్నామా అని అవ్వ వయసులో ఉన్నప్పుడు కొంగు బిగించి అడిగితే, నిండు బిందెతో ఇసుకలో నడిచే పందెం కూడా చేరింది. అందులో అవ్వను ఓడించినవాళ్ళు ఏ సర్కారులోనూ లేరు.

ఆటలకు కొన్ని కట్టుబాట్లుండేవి. గెలిచినవాళ్ళకు ఒక పొట్టేలు. దాన్ని ఏ ఒడ్డుకు తోలుకుపోయినా సుంకం కట్టమంటారు కనుక తిన్నె మీదే కోసి, వండి, అందరూ తిని చేతులు కడుక్కునేవాళ్ళు. దఫేదారు కూడా బంతిలో కూర్చునేవాడు. మోకు నడుమ గుర్తుగా ఒక ఎర్రగుడ్డ కట్టేవాళ్ళు. గెలిచిన ఒడ్డువాళ్ళు ఆ గుడ్డను తీసుకుపోయి వచ్చే ఏటి దాకా ఉంచుకోవాలి. గుర్తు గెలిచినోళ్ళది, అంతే, దాని మీద మాట లేదు. ఇక మూడో కట్టుబాటు వింటే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. అవతలి ఒడ్డు పిల్లను చేసుకున్న కొత్త అల్లుడు, పెళ్ళైన తర్వాత వచ్చే మొదటి పందెంలో మామ దిక్కు మోకు పట్టాలి. మామకు ఎదురు గుంజడం మర్యాద కాదని ఎవరో పెద్దమనిషి పెట్టిన రివాజు. దాని వల్ల జరిగిందేమిటంటే, రెండు ఒడ్డులవాళ్ళూ సంబంధాలు చూసేటప్పుడు పిల్లవాడి ఆస్తి కన్నా ముందు భుజాలు చూడటం మొదలుపెట్టారు.

మోకు మా ఇంట్లో ఉండేది. మా బాపు నర్సయ్య నేతగాడు, మా ఒడ్డున మోకుపట్టుకు కేక వేసేది ఆయనే. మగ్గం గుంటకు పైన దూలానికి పెద్ద చుట్టగా వేలాడేది అది. దాని కింద ఆసు పోసేవాళ్ళం, కండెలు చుట్టేవాళ్ళం, దాని కిందే తిని పడుకునేవాళ్ళం. తెల్లవారకముందే అవ్వ పడుగు కోసం జొన్నగంజి కాచేది. ఆ పులిసిన వాసన, మోకు ఆముదం వాసన, అవ్వ కొంగులోని పొగాకు వాసన కలిస్తే అది మా ఇల్లు. నాకు గటక పెట్టేదీ, నా జడ వేసేదీ అక్కే. మా అమ్మ నన్ను కని పోయింది. పుట్టింటికి కాన్పుకు పోయినప్పుడు వాగు పొంగి దారి తెగింది. ఊరందరికీ పురుడు పోసిన అవ్వ తన కోడలి దగ్గరికి సమయానికి చేరలేకపోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. వాగులో నీళ్ళు చూసినప్పుడల్లా బాపు మొహం తిప్పుకునేవాడు.

అక్కను పల్నాటి కోటయ్యకిచ్చి చేశారు. మా కోటయ్య బావ నేతగాడే గానీ చూస్తే పహిల్వాను. మూడేళ్ళుగా మా ఒడ్డు ఓడిపోతూ వస్తోందంటే ఆయన మోకు చివర కాలు తన్ని నిలబడటం వల్లనే. ఇక చూసుకోండి, నర్సయ్య మోకు కోసం బిడ్డనిచ్చాడని మా వీధంతా ఒకటే వెక్కిరింత. వెక్కిరింతే గానీ అక్కకు అది గుచ్చుకుంది. అప్పగింతల నాడు పుట్టిలో కాలు పెట్టబోతూ వెనక్కి తిరిగింది.

"బాపూ, నిజం జెప్పు. పిలగాన్ని జూసి ఇచ్చినవా, మోకును జూసి ఇచ్చినవా?"

బాపు వంగి పుట్టి తాడు విప్పసాగాడు. ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. అక్క ఏటి నడుమ దాకా ఏడవకుండా కూర్చుంది, ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

ఆ మరుసటి ఎండాకాలమే అసలు చిక్కు వచ్చింది. అవతల తెల్లవాళ్ళు పోయి కొత్త సర్కారు వచ్చింది. ఇవతల నిజాం సర్కారు మేము చేరం అంది. ఏరు ఒక్కసారిగా గోడలా లేచింది. రేవు మూశారు, పుట్టులన్నీ ఒడ్డు మీదికి గుంజి బోర్లేశారు, దాటితే పట్టుకుంటామని డప్పు వేయించారు. అవతలి ఒడ్డున కొత్తగా పోలీసు డేరాలు లేచాయి. మూకలు ఊళ్ళ మీద పడుతున్నాయని మా మగపిల్లలు చాలామంది అడవి పట్టారు. తిన్నె మీద ఎవరూ కాలు పెట్టకూడదన్నారు. ఈ ఏడు ఆటలు లేనట్టే అని అందరూ అనుకున్నారు. అక్కకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

సాయంత్రం పూట పాయ ఇరుకుగా పారే బండల దగ్గర నిలబడి బావ అక్కడి నుంచి, బాపు ఇక్కడి నుంచి కేకలేసుకునేవాళ్ళు. అక్క కాళ్ళు వాచాయనీ, అక్కడి మంత్రసాని చెయ్యి వేసి చూసి పిండం అడ్డం ఉందనీ బావ అరిచి చెప్పిన నాడు బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అవ్వ వెనకే పోయింది.

"కోడల్ని పోగొట్టుకున్న. గీ పిల్ల కాన్పు నా చేతుల మీదనే గావాలె," అంది అవ్వ. "నన్నన్న గా ఒడ్డుకు దోలు, దాన్నన్న గీ ఒడ్డుకు దే. ఏదన్న ఒకటి జెయ్యి, గట్ల గుడ్లప్పగించి సూడకు."

"తెస్త," అన్నాడు బాపు. ఆ మాటతో ఆయన మొహంలో అయోమయం పోయింది. దూలం మీది మోకు దించి, తెల్లారగానే ఎండలో పరిచి, చేత్తో జానెడు జానెడు తడుముతూ చూశాడు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని నాకాకు నడిచాడు. దఫేదారు మా ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉన్నవాడు, పండిన గడ్డం, గట్టి గొంతు. బాపు చెప్పింది విని మంచం మీద లేచి కూర్చున్నాడు.

"క్యా నర్సయ్యా, దిమాగ్ ఖరాబైందా? తిన్నె మీద కాలు పెట్టొద్దని హుకుం."

"పెట్టం సాబ్. మా ఒడ్డున మేముంటం, వాళ్ళ ఒడ్డున వాళ్ళుంటరు. బండల కాడ పాయ మీదికెల్లి మోకేస్తం. ఏ మనిషి దాటడు."

"మరి గుర్తు? నీళ్ళ మీద గుడ్డ కనబడతదా?"

"పుట్టి కడతం. పుట్టి ఏ ఒడ్డుకు తాకితే గా ఒడ్డు గెల్సినట్టు. గని ఖాళీ పుట్టి గిరగిర తిరుగుతది సాబ్. బరువు గావాలె."

"రాయి పెట్టు."

"రాయి కదిల్తే పుట్టి ఒరుగుతది. మనిషైతే నయం."

దఫేదారు కళ్ళు చిన్నవి చేసుకుని చూశాడు. "ఏ మనిషి?"

"రెండు దిక్కుల మనిషి. గీ ఒడ్డున పుట్టింది, గా ఒడ్డున మెట్టింది. గంతకన్న న్యాయమైన గుర్తు యాడ దొరుకుతది సాబ్?"

మా అక్క సంగతి దఫేదారుకు తెలియనిది కాదు, ఏటి మీద బావ వేసిన కేకలు ఆయనా విన్నాడు. చివరికి గడ్డం సవరించుకుని అన్నాడు: "విను. ఆటైతే చూస్త. దాటుడైతే పట్టి లోపలేస్త. కొత్త జవానొకడు వచ్చిండు, వాని కళ్ళు నా మీదనే ఉంటయ్. జూటా ఆట వాడు పసిగడతడు. గుంజితే సచ్చీగ గుంజాలె."

ఆ సాయంత్రమే కొత్త జవాను దగ్గర్లో లేని వేళ చూసి బాపు పాయ మీద నుంచి బావకు ఇదంతా అరిచి చెప్పాడు. గట్టిగా గుంజినట్టు కనిపించి, చివర్లో వదలాలని ఒప్పందం. తమ వాళ్ళందరికీ చెప్పి ఒప్పించాననీ, డేరా పోలీసులు ఆటే కదా అన్నారనీ మరునాడు బావ అరిచి కబురు చెప్పాడు. అంతా బాగానే ఉంది, ఒక్క సంగతి తప్ప. మా ఒడ్డున మోకు పట్టడానికి మగవాళ్ళు లేరు. బాపు తటపటాయించలేదు. వీధి పొడవునా పడుగు దారాలు గుంజి సాపేటప్పుడు ఎవరు పడతారో వాళ్ళే పడతారన్నాడు. అంటే మా వీధి ఆడవాళ్ళు. పడుగు సాపడం చూసినవాళ్ళకు తెలుస్తుంది, ఒక్కరు ముందు గుంజినా, ఒక్కరు వెనక గుంజినా దారాలు తెగుతాయి. అందరి ఊపిరీ ఒక్కటి కావాలి. మేము పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని అది. ఆ మోకు మీద నా చెయ్యి కూడా ఉంది, అవ్వకు ముందు, వేపచెక్కలాంటి మా పొరుగింటామెకు వెనక.

సన్నతాడుకు రాయి కట్టి విసిరితే మోకు అవతలికి పోయింది. నడుమకు పుట్టి కట్టారు. అక్కను బావ ఎత్తుకుని పుట్టిలో కూర్చోబెట్టాడు. దూరం నుంచి ఆమె పొట్టే నాకు కనబడింది, ఆ తర్వాత మొహం, ఎండకు ఎర్రగా. పుట్టిని నెమ్మదిగా పాయ నడుమకు వదిలారు. దఫేదారు బండ మీద నిలబడి రుమాలు దించాడు. బాపు కేక వేశాడు, మేము గుంజాం. అనుకున్నట్టే పుట్టి మా దిక్కు కదిలింది.

అక్కడే చెడింది. పల్నాటి వాళ్ళు ఓడిపోవడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకునే వచ్చారు. కానీ వాళ్ళు ఒప్పుకున్నది మగవాళ్ళ చేతిలో ఓడటానికి. ఎదురుగా కొంగులు బిగించిన ఆడవాళ్ళు కనబడేసరికి, పైగా మా పొరుగింటామె ఊరుకోక "ఏందిరో, పొద్దుగాల అన్నం దినలే?" అని అరిచేసరికి, ఎవడో "ఆడోళ్ళ చేతిలో ఓడామని ఇంటికాడ ఎట్టా చెప్పుకుంటాంరా, లాగండెహె!" అన్నాడు. ఇంకేముంది. ముత్తాతల నాటి పౌరుషమంతా ఒక్కసారి భుజాల్లోకి వచ్చింది. మోకు మా చేతుల్లోంచి జారి, అరచేతులు మంటలెత్తి, మా కాళ్ళు ఇసుకలో చాళ్ళు గీస్తూ నీళ్ళ దాకా పోయాయి. పుట్టి తిరిగి అవతలికి పోతోంది. పుట్టి నీళ్ళు తాగుతూ ఒరుగుతుంటే అక్క రెండు చేతులా అంచు పట్టుకుని కేకలేసింది. ఎవరికీ వినిపించలేదు.

"పడుగనుకోండ్రి!" అన్నాడు బాపు. "పడుగనుకోండ్రి, దారం తెగొద్దు!"

మేము అరవడం మానేశాం. ఊపిరి కలిసింది. పుట్టి ఆగింది, అంతే, అటూ పోలేదు, ఇటూ రాలేదు. ఎంతసేపు ఆగగలమో మాకు తెలుసు. అవ్వ కాళ్ళు వణకడం నా వీపుకు తెలుస్తోంది. చెయ్యి తెగినా వదలను అనుకున్నాను. నా బతుకులో ఆ తర్వాత ఎన్నింటినో పట్టుకుని వదలకుండా ఉన్నాను గానీ, నేర్చుకున్నది మాత్రం ఆ ఇసుకలోనే.

అప్పుడు కోటయ్య బావ మోకు వదిలేశాడు. ఏరు దాటే వీల్లేక వాళ్ళ ఒడ్డునే చివర కాలు తన్ని నిలబడ్డవాడు, ఉన్నట్టుండి వదిలి, తనవాళ్ళ పక్క నుంచే పరిగెత్తి నీళ్ళలో దూకాడు. పుట్టిని రెండు చేతులా పట్టుకుని మా దిక్కు నెడుతూ ఈదాడు. చివరి మనిషి లేని మోకు ఇంకేం నిలుస్తుంది, పల్నాటి వాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. పుట్టి వచ్చి మా ఇసుకకు తాకింది. కొత్త జవాను తుపాకి తీసుకుని ఉరికొచ్చాడు.

"దాటిండు! వాడు దాటిండు, పట్టుండ్రి!"

బాపు మోకు వదలకుండానే దఫేదారు దిక్కు తిరిగాడు. "సాబ్, మీకెరికే గద. కొత్త అల్లుడు మొదటి పందెం మామ దిక్కే."

దఫేదారు బండ దిగి వచ్చాడు. నీళ్ళు కారుతున్న బావను, పుట్టిలో నడుం పట్టుకుని వంగిపోయిన అక్కను చూశాడు. "రివాజ్ హై," అన్నాడు జవానుతో. తర్వాత బావ భుజం మీద చెయ్యి వేసి, "ఆట అయిపోయింది బేటా. నువ్వు వాపస్ పో. గుర్తు గెల్సినోళ్ళది, ఈడనే ఉంటది," అన్నాడు.

బావ తడి చేత్తో అక్క తల నిమిరి, అవ్వ కాళ్ళు మొక్కి, మళ్ళీ ఏట్లోకి దిగాడు. ఆ మనిషిని మా వీధి వాళ్ళు మోకు కోసం తెచ్చుకున్న అల్లుడన్నారు.

ఆ వారంలోనే అక్క నొప్పులు పడింది. పిండం అడ్డమే ఉంది. అవ్వ ఆముదం చేతులతో తిప్పి, తిట్టి, దేవుళ్ళందరినీ బెదిరించి, చివరికి తల్లినీ బిడ్డనూ దక్కించుకుంది. గడప బయట కూర్చున్న బాపు పసిగుడ్డు ఏడుపు విని గడప మీద చెయ్యి వేసి మొక్కాడు. ఆడపిల్ల. ఏటి పేరే పెట్టారు.

ఇరవై ఒకటో నాడు తొట్టెల కట్టాలి. వీధి వాళ్ళంతా వచ్చారు. బాపు దూలం మీది మోకు దించి, నలుగురూ చూస్తుండగా కత్తి తీసుకుని కోశాడు. ముత్తాతల మోకు.

"నర్సన్నా, వచ్చే ఏడు పందానికెట్ల?" అన్నాడెవరో.

"మోకు కోసం బిడ్డనిచ్చిన్నని అనిరి గద," అన్నాడు బాపు, ఎవరి దిక్కూ చూడకుండా. కోసిన ముక్కను తొట్టెలకు చుట్టి దూలానికి వేశాడు.

అక్క పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉంది. ఏటి నడుమ దాకా ఏడవకుండా పోయిన మనిషి, ఇప్పుడు కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. "బాపూ, ముడి గట్టిగ వెయ్యి," అంది.

వానలు వెనకబట్టేసరికి ఇవతలి సర్కారు కూలింది, రేవు తెరుచుకుంది, బావ వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు. మరుసటి ఎండాకాలానికి బాపు కొత్త మోకు పేనించాడు. కానీ తిన్నె మీదికి వచ్చినవాళ్ళు తక్కువ. అందరం ఒక్కటే సర్కారు కదా, ఇంకెవరి మీద గుంజాలి అన్నారు. రెండు దేశాలుగా ఉన్నప్పుడు కలిసి పొట్టేలు తిన్నవాళ్ళం, ఒక్క దేశమయ్యాక ఎవరి వంట వాళ్ళు చేసుకున్నాం. ఆ కొత్త మోకు బావికి పోయింది. తర్వాత డ్యాం కట్టారు. తిన్నె, బండలు, నాకా, మా వీధి అన్నీ నీళ్ళ కింద ఉన్నాయి. ఇప్పుడు పెద్ద వంతెన మీద కారులో వస్తే ఎక్కడ దాటామో కూడా తెలియదు. సుఖంగానే ఉంది, కాదనను. కానీ అక్క పోయిందన్న కబురు ఫోనులో విని, కారెక్కి, వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. మోకు పట్టుకుని తెచ్చుకున్న మనిషిని నేను ఆఖరి చూపు చూడలేదు. ఈ కోపం నాకు ఎవరి మీద ఉందో తెలియదు, ఉంది.

టీవీలో జెండాలు ఇంకా నడుస్తున్నాయి. కృష్ణవేణి మనవరాలు నా ఒళ్ళోని మోకు ముక్కను చూసి దగ్గరికి జరిగింది. గట్టి పిల్ల, భుజాలు కోటయ్య బావవే.

"ఇదేంటి తాతమ్మా?"

"గా కొస పట్టు," అన్నాను, పీచులేచిన కొస ఆ పిల్ల చేతికిచ్చి. ఈ కొస నేను పట్టుకున్నాను. మా ఒడ్డు దిక్కు పట్టడానికి ఇంకెవరూ లేరు.

"పట్టుకుని ఏం చెయ్యాలి? లాగాలా?"

"గుంజు."

ఆ పిల్ల నవ్వుతూ, ముసలిదాన్నని మొదట మెల్లగా, తర్వాత నిజంగానే లాగింది. నేను వదల్లేదు.